ముకుందరావు గారి గాలపు ఈగ

మంగళవారం పొద్దున వేంకటరమణ వేసుకున్న పథకం చాలా మామూలుది. కాఫీ తాగాలి, స్నానం చేయాలి, పూజగదిలో దాచిన ఈగ క్షేమంగా ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి, వెంగళరావు నగర్‌లో ఆటో ఎక్కి జూబ్లీ హిల్స్‌లో నిర్మాత ముకుందరావు గారి ఆఫీసుకు వెళ్లి హీరో అనీష్‌కి ఆఖరిసారి కథ చెప్పాలి. శుక్రవారం ఫిల్మ్ నగర్ గుళ్లో ముహూర్తం. ఆదివారం అమావాస్య, ఆ మర్నాటి నుంచి ఆషాఢం. ఈ శుక్రవారం తప్పితే శ్రావణం దాకా మంచిరోజు లేదు, అప్పటికి హీరో డేట్లు ఉండవు.

వేంకటరమణ సగం జీవితం కో-డైరెక్టర్‌గా గడిపాడు. అంటే ఎండలో నిలబడి ఇంకొకరి షాటుకు "రెడీ సార్" అని అరవడం, ఆ షాటు బాగోకపోతే తిట్లు తినడం, బాగుంటే పక్కకు తప్పుకోవడం. అతని వయసు కో-డైరెక్టర్లను పరిశ్రమ ఎంతో గౌరవిస్తుంది. అనుభవమంతా వాళ్లదే అంటుంది, సినిమాలు మాత్రం కుర్రాళ్లకు ఇస్తుంది. అలాంటిది ముకుందరావు గారు కథ ఒప్పుకొని, దర్శకుడివి నువ్వే అన్న రోజున అతని భార్య హైమ వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చింది. ఈ సినిమా పోతే ఇంకోటి రాదని ఇద్దరికీ తెలుసు.

ఇక ఈగ సంగతి. కశ్మీరు సెలయేళ్లలో ఉండే ట్రౌట్ అనే చేప వానపాముకు లొంగదట. దానికోసం ఈకలు, వెంట్రుకలు, మెరిసే సన్నతీగ కలిపి చిన్న గాలానికి దారంతో చుట్టి నకిలీ ఈగను తయారుచేస్తారు. చేప దాన్ని నిజం పురుగనుకొని మింగుతుంది. మొదటి సినిమా అవుట్‌డోర్‌కు వెళ్లినప్పుడు ముకుందరావు గారు అక్కడి కొట్లో అట్టకు గుచ్చి అమ్ముతున్న అలాంటి ఈగను ఒకదాన్ని కొన్నారు. దానికి ఒక్క చేపా పడలేదు. అది ఆయన చొక్కా జేబుకే గుచ్చుకుంది. ఎంత లాగినా రాకపోతే ఆ చొక్కాతోనే మర్నాడు మొదటి షాటుకు నిలబడ్డారు. ఆ సినిమా వంద రోజులాడింది. అప్పట్నుంచి ఆయన తీసే ప్రతి సినిమా ముహూర్తానికీ ఆ ఈగను స్క్రిప్టు మొదటి పేజీకి గుచ్చాల్సిందే. గుచ్చకుండా తీసిన రెండు సినిమాలు ఏమయ్యాయని ఆయన్ని ఎవరూ అడగరు.

ఇందులో ఇంకో పట్టింపు కూడా ఉంది. ముహూర్తానికి ముందు వారం రోజులూ ఈగ దర్శకుడి ఇంట్లో, దేవుడి దగ్గర ఉండాలి. వేంకటరమణ తల్లి అనసూయమ్మ పూజగది గుమ్మం దగ్గరికి ఉల్లిపాయను కూడా రానివ్వని మనిషి. చేపలు పట్టే వస్తువు దేవుడి ముందు పెడతానంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకని అతను తల్లికి చెప్పకుండా ఈగను తీసుకెళ్లి, కార్తీకమాసంలో తప్ప ఎవరూ ముట్టుకోని పాత వత్తుల డబ్బాలో, మెత్తటి దూదిలో పదిలంగా దాచాడు. ఆ పొద్దున రోజువారీ వత్తులు అయిపోయాయి.

"ఒరే రమణా! ఈ వత్తులు ఎక్కడ కొన్నావురా? శవం కాలుతున్నట్టు కంపు కొడుతున్నాయి!" అని పూజగదిలోంచి కేక వినిపించింది.

అతను పరుగున వెళ్లేసరికి ముకుందరావు గారి ఈగ నువ్వుల నూనెలో నిండా మునిగి, కుందిలో దేదీప్యమానంగా వెలుగుతోంది. చూపు సరిగా ఆనని అనసూయమ్మ దానికి భక్తిగా దణ్ణం పెడుతోంది. అతను చేత్తోనే ఆర్పాడు, వేళ్లు కాలాయి.

"దీపం చేత్తో ఆర్పుతావేరా, అప్రాచ్యుడా! ముహూర్తం పెట్టుకొని!" అందావిడ.

అతను ఈగను నూనెలోంచి బయటికి తీశాడు. కాలింది మామూలు వత్తి కాదని మాత్రం తల్లికి చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ బెంగతో అన్నం మానేస్తుంది.

ఈగలో సగం మిగిలింది. తోకవైపు వెంట్రుకలు కొన్ని కాలి ముడుచుకుపోయాయి, మెడ దగ్గర ఈక మసిబారింది, ఒంటికి నూనె పట్టి ఏ రంగు ఏదో తెలియకుండా ఉంది. గాలం ఒక్కటే చెక్కు చెదరలేదు. వేంకటరమణ ఫోన్లో వెతికితే ప్రపంచంలో ఇన్ని రకాల ఈగలున్నాయా అనిపించింది. అందులో ఒక్కటీ అచ్చం ఇలా లేదు, దగ్గరగా ఉన్నది రావడానికి రెండు వారాలు పడుతుందని రాసి ఉంది.

"ఏమండీ, కొన్నది దొరక్కపోతే చేద్దాం. ఎవరో మనిషేగా చేసింది," అంది హైమ. ఆవిడ స్కూల్లో సైన్సు టీచరు. ఆ పూటకు సెలవు పెట్టింది. అతను ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పాడు. అన్ని అనర్థాలకూ ఆ జ్వరమే మూలం.

ఇద్దరూ డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి, భూతద్దం పెట్టుకొని, కనుబొమ్మలు సరిచేసుకునే పట్టకారుతో ఈగను విప్పడం మొదలుపెట్టారు. చుట్టిన వరసకు ఎదురు వరసలో విప్పుకుంటూ రావాలని, ఏ పొర తర్వాత ఏది వచ్చిందో ఫోటో తీయాలని హైమ చెప్పింది. శవపరీక్ష చేసే డాక్టర్లు కూడా అంత నెమ్మదిగా చేయరు. ముందు తలకాయ దగ్గర నల్లదారం వచ్చింది, దానిమీద గోళ్లరంగులాంటి పూత ఉంది. తర్వాత మెడ చుట్టూ తిప్పిన ఈక, దాని కింద ఒళ్లంతా పచ్చగా మెరిసే సన్నటి నూగు, ఆ నూగు మీద వెండి రంగు తీగ, చివర తోకలో బంగారు రంగు వెంట్రుకలు. అన్నిటికంటే అడుగున ఎర్రదారం.

"ఈ పచ్చది నెమలి పింఛంలో పోగు. కృష్ణుడి విసనకర్ర తెచ్చి పక్కన పెట్టండి, మీకే తెలుస్తుంది," అంది హైమ. తెచ్చి పెడితే రెండూ ఒకటే. "ఈ తీగ ప్లాస్టిక్ కాదు. ప్లాస్టిక్కయితే మంటకు కరిగి ఉండకట్టేది. ఇది మసిబారిందంతే. జరీ లాంటిదే."

"జరీ ఎక్కడ దొరుకుతుంది?"

హైమ లేచి బీరువా తీసి పెళ్లిచీర అంచులోంచి ఒక పోగు లాగి తెచ్చింది. వేంకటరమణ ఆవిడ ముఖం చూడలేకపోయాడు.

తోక వెంట్రుకలే తేలలేదు. షాంపూతో కడిగితే తేనె రంగులో నున్నగా, నిటారుగా ఉన్నాయి. ఒక పోగు దీపానికి చూపిస్తే చటుక్కున ముడుచుకుపోయి, కాలిన జుట్టు వాసనే వచ్చింది. కొబ్బరిపీచు, పెయింటు బ్రష్షు, చీపురుపుల్ల అన్నీ కాల్చి వాసన చూశారు. ఏదీ సరిపోలేదు.

"ఇది వెంట్రుకే. ఏ ప్రాణిదో చెప్పలేను. రంగేసిన మనిషి జుట్టు దొరికినా చాలు, తేడా తెలియదు," అని తేల్చింది హైమ.

వేంకటరమణకు వెంటనే బెన్సన్ గుర్తొచ్చాడు. బెన్సన్ కృష్ణానగర్‌లో ఉంటాడు, లోకం దృష్టిలో అనీష్ హెయిర్ స్టైలిస్టు, నిజానికి అతనికి విగ్గులు చేస్తాడు. ఈ సినిమాలో హీరో జుట్టు తేనె రంగులో ఉంటుంది. అనీష్ తలమీద సొంత జుట్టు లేదన్న సంగతి ప్రపంచంలో ముగ్గురికే తెలుసు: అనీష్‌కు, బెన్సన్‌కు, దర్శకుడు కాబట్టి వేంకటరమణకు.

ఫోన్ చేసి అడిగితే బెన్సన్ ఒప్పుకున్నాడు. "విగ్గులో అడుగునుంచి నాలుగు పోగులు తీస్తే ఏసుప్రభువుకు కూడా తెలియదన్నా. కానీ విగ్గనే మాట మీ నోట రాకూడదు. వచ్చిందా, నేనూ నా పిల్లలూ రోడ్డు మీదే," అన్నాడు.

ఇక మెడ ఈక. అది కోడిపుంజు మెడమీద ఈకని హైమ చెప్పింది. కింద సెల్లార్లో వాచ్‌మన్ పోచయ్య ఒక పుంజును పెంచుతున్నాడు. వేంకటరమణ పిల్లిలా దిగి, పుంజును చంకలో ఇరికించుకొని మెడమీద రెండు ఈకలు పీకాడు. అది అపార్ట్‌మెంటంతా దద్దరిల్లేలా అరిచింది. పోచయ్య ఉరికొచ్చాడు.

"ఏంది సారు గిది! గా పుంజు మైసమ్మకు మొక్కింది. బోనాలకు కొయ్యాలె. దాని ఈకలు ఎందుకు పీకుతున్నవ్?"

"చిన్న పనుంది పోచయ్యా. ఎవరికీ చెప్పకు."

"ఏం పని?"

ముకుందరావు గారి ఈగ గురించి బయటికి పొక్కితే అంతే సంగతులు. "సినిమా పని. నీకు చెప్పినా అర్థం కాదు," అన్నాడు వేంకటరమణ.

పోచయ్యకు అర్థమయింది. కాకపోతే వేరేగా. "ఆదివారం అమాస. మైసమ్మ పుంజు మెడ ఈక. సమజైంది సారు," అని రెండడుగులు వెనక్కి వేశాడు.

కాసేపటికి బెన్సన్ వచ్చి వెంట్రుకలు ఇచ్చి వెళ్లాడు. పోగులు చెదిరిపోకుండా చేతికందిన కాగితంలో చుట్టి తెచ్చాడు. ఆ కాగితం అనీష్ నిలువెత్తు ఫోటో. హైమ గాలాన్ని కుట్టుమిషను పాదం కింద బిగించింది. అనసూయమ్మ కాశీ నుంచి తెచ్చుకున్న ఎర్రదారం అడుగున చుట్టారు. మొదటిది చుడితే బొద్దింకలా వచ్చింది, విప్పారు. రెండోది ఎంతకీ బిగుసుకోలేదు. మూడోదానికి చెయ్యి కుదురుతున్న సమయంలో తలుపు చప్పుడైంది.

నిర్మాతగారి డ్రైవరు. దర్శకుడికి జ్వరమని తెలిసి ముకుందరావు గారు కొబ్బరిబొండాలు పంపారు. తలుపు తీసిన అనసూయమ్మ, "జ్వరమేమిటి నాయనా, పొద్దుట్నుంచీ మొగుడూ పెళ్లాం తలుపులేసుకొని ఏదో కాలుస్తున్నారు. ఇల్లంతా ఒకటే కంపు," అని నిజాయితీగా చెప్పి లోపలికి పిలిచింది.

డ్రైవరు చూసిన దృశ్యం ఇది. ఆరోగ్యంగా ఉన్న దర్శకుడు, పక్కన వెలుగుతున్న దీపం, టేబుల్ మీద కోడి ఈకలు, ఎర్రదారం, సగం కాలిన నల్లటి పదార్థం, సూది మొనలాంటి ఇనుము, హీరో అనీష్ ఫోటో, ఫోటో గుండెల మీద గుత్తిగా జుట్టు. అతను బొండాలు గుమ్మంలోనే పడేసి మెట్ల మీదుగా దిగాడు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. కింద పోచయ్య ఉన్నాడు. ఒకడు పైన చూసిందీ ఒకడు కింద చూసిందీ కలిపితే చేతబడికి తక్కువైంది ఒక్క నిమ్మకాయే. కారు ఫిల్మ్ నగర్ చేరేలోగా ఆ నిమ్మకాయ కూడా వచ్చి చేరింది.

మామూలుగా ఇలాంటి పుకార్లు రెండు రోజుల్లో చల్లారతాయి. కానీ బుధవారం సాయంత్రం అనీష్ జిమ్ములో కాలు జారి పడ్డాడు. మడమ బెణికింది. అంతకుముందు రోజు ఎవరో తన జుట్టుకు దారం చుట్టారని అప్పటికే అతని చెవిన పడింది.

గురువారం పొద్దున ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. అప్పటికి ఈగ తయారైంది. హైమ దాన్ని కాలకముందు తీసుకున్న ఫోటో పక్కన పెట్టి చూసి, "కన్నతల్లి కూడా తేడా పోల్చలేదు," అంది. వేంకటరమణ ధైర్యంగానే బయల్దేరాడు. గండం గడిచిందనే అనుకున్నాడు పాపం.

జూబ్లీ హిల్స్ ఆఫీసులో ముకుందరావు గారు కుర్చీ కాస్త వెనక్కి జరిపి కూర్చున్నారు. పక్కన కాలికి కట్టుతో అనీష్, అతని వెనక మేనేజరు, గోడవారగా చెమటలు కక్కుతూ బెన్సన్. వేంకటరమణకు ఎవరూ కుర్చీ చూపించలేదు.

"రమణా, నువ్వు చదువుకున్నవాడివి. నేను ఇలాంటివి నమ్మను. ఒక్కటే అడుగుతాను, ఆ జుట్టు ఎవరిది?" అన్నారు ముకుందరావు గారు.

వేంకటరమణ నోరు తెరిచాడు. విగ్గు జుట్టు అనాలి. అంటే మేనేజరు ముందు హీరో బోడితల బయటపడుతుంది, బెన్సన్ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. జుట్టు ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పాలి. చెబితే ఈగ కాలిపోయిందని తేలుతుంది, తల్లి చేత్తో వెలిగించిందని తేలుతుంది. నోరు మూశాడు. బెన్సన్ అతనివైపు చూస్తున్న చూపు ఏ రాతిగుండెనైనా కరిగిస్తుంది.

"బెన్సన్ తప్పేమీ లేదు సార్," అన్నాడు చివరికి.

అంతకంటే ఘోరమైన మాట ఇంకోటి దొరకదు.

"అంటే జుట్టు తీసుకున్నది నిజమేనన్నమాట," అన్నాడు మేనేజరు. "సార్, మీ జుట్టేనా?"

అనీష్ బిక్కచచ్చిపోయాడు. కాదంటే మరి ఎవరిదంటారు. ఒకసారి బెన్సన్‌ను చూశాడు, ఒకసారి వేంకటరమణను చూశాడు. తర్వాత చెయ్యి పైకెత్తి, తలమీద చాలా జాగ్రత్తగా, ఏదీ కదలకుండా ఒకచోట తాకాడు.

"నాదే. కారవాన్‌లో పడుకున్నప్పుడు కత్తిరించి ఉంటారు. ఇదిగో, ఇక్కడ," అన్నాడు.

ముకుందరావు గారు నిట్టూర్చారు. "నాకు నమ్మకాల్లేవు రమణా. కానీ యూనిట్లో భయం ఉంది. భయంతో సినిమా నడవదు. కథ ఉంటుంది, కుర్రాడెవరితోనైనా తీయిస్తాం. నీకేం, అనుభవం ఉన్నవాడివి." ఆ తర్వాత చెయ్యి చాపారు. "నా ఈగ ఇచ్చెయ్."

వేంకటరమణ డబ్బా తీసి ఇచ్చాడు. ఆయన ఈగను అరచేతిలో వేసుకొని అటూ ఇటూ తిప్పి, కళ్లకద్దుకున్నారు.

"చూశారా, ఇన్నేళ్లయినా రంగు కూడా మాసిపోలేదు. ఆ రోజుల్లో పనితనమే వేరు," అన్నారు అందరితో.

శుక్రవారం ముహూర్తం జరిగింది. మొదటి పేజీకి ఈగ గుచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, జీన్సు వేసుకున్న ఒక కుర్రాడు యాక్షన్ అన్నాడు. వెంగళరావు నగర్ ఫ్లాట్లో ఎవరూ టీవీ పెట్టలేదు. అనసూయమ్మ కొడుక్కి దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పడేసింది. ఆవిడకు అసలు సంగతి ఇప్పటికీ తెలియదు, తెలియనివ్వరు. హైమ అన్నం వడ్డించింది, ఎవరూ తినలేదు. చావు ఇంట్లోనైనా చుట్టాలు వచ్చి పలకరిస్తారు, ఆ రోజు అతనికి ఫోన్ కూడా మోగలేదు. బెన్సన్ మటుకు సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, సోఫా చివర కూర్చొని, కాసేపు ఏడ్చి వెళ్లిపోయాడు.

పదిరోజుల తర్వాత అపార్ట్‌మెంట్ ముందు పెద్ద కారు ఆగింది. ముకుందరావు గారు దిగారు. ఒక్కరే వచ్చారు, డ్రైవర్ని కూడా తేలేదు. పోచయ్య లేచి సలాం చేసి, దారి చూపించి, తాను మాత్రం లిఫ్టు ఎక్కలేదు.

ఒక నిర్మాత తన గడప తొక్కాలని వేంకటరమణ ఏళ్ల తరబడి కలలు కన్నాడు. ఆయన లోపలికి వస్తూనే చేతులు జోడించారు.

"రమణా, నన్ను క్షమించు. ఆ రోజు అందరి ముందూ అలా అనక తప్పింది కాదు. నీ శక్తి నేను కళ్లారా చూశాను. దారం చుట్టిన మర్నాడే కాలు విరిగింది."

"బెణికింది సార్."

"నువ్వు చిన్నగా చుట్టి ఉంటావు." ఆయన జేబులోంచి ఒక కవరు తీసి టేబుల్ మీద పెట్టారు. "దసరాకి మనకు పోటీగా ఇంకో సినిమా వస్తోంది. ఇది వాళ్ల హీరో జుట్టు. మంగలికి ఎంతో నచ్చజెప్పి తెప్పించాను."

వేంకటరమణకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు దాచుకున్నదంతా కక్కేశాడు. వత్తుల డబ్బా, దీపం, నెమలి పోగు, హైమ పెళ్లిచీర, పుంజు, కుట్టుమిషను. మీరు గుడిలో గుచ్చింది నేను చేసిన ఈగ, ఆ జుట్టు మీ హీరో విగ్గుది, నాకు చేతబడీ రాదు, కాష్మోరా రాదు, నాకొచ్చింది ఒక్క సినిమా తీయడమే అని అరిచాడు. అరుస్తూ ఏడ్చాడు.

ముకుందరావు గారు చివరిదాకా విన్నారు. విని, చిన్నగా నవ్వారు.

"ఎంత బాగా అల్లావయ్యా! నీలాంటివాళ్లు బయటపడరని నాకు తెలుసులే. నేనెవరికీ చెప్పను," అని కవరు అక్కడే వదిలి, వీపు చూపించకుండా వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయారు.

ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి పరిశ్రమంతటికీ తెలిసింది. ఇప్పుడు వెంగళరావు నగర్ సందులో జూబ్లీ హిల్స్ కార్లు వరసగా ఆగుతున్నాయి. కవర్లన్నిటినీ హైమ చెత్తబండిలో వేస్తుంది. వేంకటరమణ వచ్చినవాళ్లకల్లా తనకేమీ రాదని చెబుతాడు, ఎంత గట్టిగా చెబితే అంత పెద్ద సిద్ధుడని నమ్ముతున్నారు. విసిగిపోయి చివరికి ఒక షరతు పెట్టాడు. ఎవరొచ్చినా ముందు తన దగ్గరున్న ఇంకో కథ మొదటి సీను నుంచి శుభం కార్డు దాకా వినాలి. కాదన్నవాళ్లు లేరు. పెద్దపెద్ద నిర్మాతలు నేలమీద చాప పరుచుకొని, ఫోన్లు ఆపేసి, చేతులు కట్టుకొని కూర్చొని వింటున్నారు. సెకండాఫ్‌లో తల్లి సీను దగ్గర ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

కథ అయిపోయాక అందరూ లేచి, భయభక్తులతో దణ్ణం పెట్టి, మంత్రం పూర్తయినట్టేనా అండీ అని అడుగుతారు.